మొక్కజొన్న కండె కొస ఎందుకు బోసిపోతుంది?

చెన్నై పురసవాక్కం హైరోడ్డులో పొద్దుగూకితే బండి మీద మొక్కజొన్న కండెలు కాలుతుంటాయి. ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్క రాయించుకునే ముందు ఒక కండెను తిప్పి చూడండి. కొన్నిటికి కొసదాకా గింజ ఉంటుంది, కొన్నిటికి కొస బోసిగా ఉంటుంది. ఊళ్లో పొలం కౌలుకిచ్చి ఇక్కడ కాపురముంటున్న మన తెలుగువాళ్లకు దిగుబడి మీద ఉండే అనుమానాలు మూడే: విత్తనం మంచిది కాదా, ఎరువు చాలలేదా, నేల చెడిందా? మూడింటికీ జవాబు వెతకడం కండె దగ్గరే మొదలుపెట్టవచ్చు.

కండె ఏం చెబుతుంది?

వరుసలు లెక్కపెడితే దాదాపు ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది: 12, 14, 16. గింజలయ్యే పూలు జంటలుగా పుడతాయి కాబట్టి అలా ఉంటుంది. ఎన్ని వరుసలన్నది చాలావరకు విత్తనం గుణం. పైరు మోకాలెత్తు దాటేసరికే అది తేలిపోతుంది. వరుసకు ఎన్ని గింజలు నిలుస్తాయన్నది మాత్రం ఎక్కువగా పూతకు అటూ ఇటూ రెండేసి వారాల్లో పొలం తేల్చే సంగతి.

ప్రతి గింజకూ ఒక పీచు ఉంటుంది. అడుగు గింజల పీచు ముందు బయటికొస్తుంది, కొస గింజలది ఆఖరున వస్తుంది. ఆ రోజుల్లో నీరు తగ్గితే దెబ్బ తగిలేది కొసకే. కొసన గింజ జాడే లేకపోతే పుప్పొడి అందలేదని అర్థం. ముడుచుకుపోయిన చిన్న గింజలుంటే పుప్పొడి అందినా తిండి చాలక మొక్క వాటిని వదిలేసిందని అర్థం.

నష్టం ఎంతుంటుంది? ఎకరాకు 30,000 కండెలు, కండెకు 14 వరుసలు, వరుసకు 35 గింజలు, వెయ్యి గింజల బరువు 280 గ్రాములు అనుకుంటే సుమారు 41 క్వింటాళ్లు. వరుసకు అయిదు గింజలు తగ్గితే దాదాపు ఆరు క్వింటాళ్లు పోయినట్టే.

దాచిన గింజలే విత్తుకోవచ్చు కదా?

సంకర రకమైతే కూడదు. రెండు వేర్వేరు శుద్ధ వంశాలను కలిపితే పిల్లమొక్క రెండింటికన్నా బలంగా పెరుగుతుందని అమెరికాలో జార్జి షల్ 1908లో చూపించాడు. ఆ బలం మొదటి తరానికే పూర్తిగా ఉంటుంది. ఆ పంట గింజలే మళ్లీ విత్తితే మొక్కలు ఎగుడుదిగుడుగా వస్తాయి, కండెలూ చిన్నవవుతాయి. మన దేశంలో 1961లో విడుదలైన తొలి సంకర రకాల్లో ఒకటి ‘దక్కన్’, అది హైదరాబాద్ పరిశోధన ఫలితం. తర్వాత అక్కడి నుంచే డీహెచ్‌ఎం 117 లాంటివి వచ్చాయి. ఏ రకమైనా నీటి వసతికీ, కాలానికీ సరిపోవాలి. వర్షాధారపు చేలో దీర్ఘకాలిక రకం వేస్తే పూత వేళకు నేల ఎండుతుంది, ఎంత పేరున్న విత్తనమైనా కొస నిండదు.

ఎరువు ఎంత, ఎప్పుడు వేయాలి?

క్వింటాలు గింజకు మొక్క నేల నుంచి రెండు కిలోలకు పైగా నత్రజని లాగుతుంది. అందుకే ఎకరాకు 80 కిలోల దాకా సిఫారసు చేస్తారు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 21 కిలోల లోపే, అంటే దాదాపు నాలుగు బస్తాలు. అంతా ఒకేసారి చల్లితే నీటితో కొంత, గాలితో కొంత పోతుంది. విత్తేటప్పుడు కొంత, మోకాలెత్తులో కొంత, పూత వచ్చే ముందు కొంత వేయాలి. భాస్వరం మాత్రం మొత్తం విత్తేటప్పుడే వేయాలి.

ఏది తగ్గిందో ఆకు చెబుతుంది. ముసలాకు కొస నుంచి నడిమి ఈనె వెంట పసుపు రంగుకు మారితే నత్రజని తగ్గినట్టు. ముసలాకు అంచులు మాడితే పొటాష్ తగ్గినట్టు. ఈ రెండింటినీ మొక్క పాత ఆకుల నుంచి పీకి కొత్త ఆకులకిస్తుంది కాబట్టి కింది ఆకులు ముందు చెడతాయి. జింకు అంత తేలిగ్గా కదలదు. అందుకే అది తగ్గితే లేత ఆకుల్లో తెల్లటి పట్టీలు కనిపిస్తాయి. అప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడతారు. భాస్వరం ఎరువుతో జింకు సల్ఫేట్‌ను కలిపి వేయకూడదు, రెండూ బిగుసుకుని మొక్కకు అందకుండా పోతాయి.

నేలలోని సూక్ష్మజీవులు ఏం చేస్తాయి?

దీనికి తెనాలి, దుగ్గిరాల వైపు పొలాలు మంచి పాఠం. అక్కడ వరి కోశాక మినుము వేసేవాళ్లు. పల్లాకు తెగులు, బంగారుతీగ పీడించడంతో చాలామంది దున్నకుండానే మొక్కజొన్న విత్తడం మొదలుపెట్టారు. రబీలో చల్లటి రాత్రులు, మబ్బులేని ఎండ, నల్లరేగడి తేమ కలిసొచ్చి ఎకరాకు 35–40 క్వింటాళ్లు తీసిన రైతులున్నారు.

కానీ వరి మోడులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేల నుంచే తీసుకుంటాయి. అందుకే ఎరువు వేసినా కొన్నాళ్లు లేత పైరు పాలిపోయి కనిపిస్తుంది. విత్తేటప్పుడు కొంత నత్రజని తప్పనిసరి అయ్యేది ఇందుకే. ఇంకొకటి, వేళ్లను పట్టుకుని దూరాన ఉన్న భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రం నెలల తరబడి నీరు నిలిచిన మడిలో తగ్గిపోతుంది. వరి తర్వాతి మొక్కజొన్నకు మొదట్లో భాస్వరం ఎందుకు కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా అజోస్పైరిల్లం ప్యాకెట్టు యూరియాకు బదులవుతుందా? కాదు. మెక్సికోలోని ఒహాకా కొండల్లో ఒక నాటు మొక్కజొన్న గాలివేళ్ల జిగురులో బ్యాక్టీరియాను పోషించి, తన నత్రజనిలో 29 నుంచి 82 శాతం గాలి నుంచే పొందుతుందని 2018లో తేల్చారు. అది ఎదగడానికి చాలా నెలలు పడుతుంది, మనం విత్తే సంకర రకాలకు ఆ గుణం లేదు. ప్యాకెట్టు కొంత సాయం చేస్తుంది, అంతే. జీలుగ, జనుము దున్నితే, పశువుల ఎరువు ఏటా తోలితే నేలలో కర్బనం పెరిగి అదే సాయం మరింత నిలకడగా అందుతుంది.

డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

అన్నిటికన్నా తక్కువైనదే దిగుబడిని కట్టేస్తుంది. జింకు లేని చేలో అయిదో బస్తా యూరియా వేసినా గింజ పెరగదు. కాబట్టి ముందు భూసార పరీక్ష చేయించాలి. తర్వాత కాలానికి తగ్గ విత్తనం కొనాలి, ఆ తర్వాత పూత వేళకు నీటితడి, నత్రజని చేతిలో ఉంచుకోవాలి. కౌలుదారు ఫోను చేసి ఏ రకం బాగుంటుందని అడిగితే, పూతకు తడి అందుతుందో లేదో ముందు కనుక్కోండి. దాన్నిబట్టే రకం పేరు చెప్పండి.