రెసిడెన్సీ బజారు, దాని మేడలు

హైదరాబాదు నగరమునకు పోయిన తెలుగు స్త్రీలలో సుల్తాన్ బజారు త్రొక్కనివారు మిక్కిలి అరుదు. పెండ్లిచీరలకని కొందఱు, పిల్లల పరికిణీగుడ్డలకని కొందఱు, కోఠీలోని పుస్తకముల అంగళ్లకని కొందఱు పోవుదురు. బేరములు ముగిసినతోడనే బస్సు దొరకునో లేదో యను తొందర. ఆ తొందరలో వీధిని తలయెత్తి చూచుటకు తీరిక యెక్కడిది? కాని ఈ వీధికి రెండువందల యేండ్లకు పైబడిన చరిత్ర గలదు. ఆ చరిత్రలో స్త్రీల పాలు మగవారి పాలికంటె తక్కువ కాదని మా యభిప్రాయము. మేడలు కట్టించిన దొరల పేళ్లు గ్రంథములలో విరివిగా నున్నవి. ఆ మేడలలో బ్రతికి, చదివి, వైద్యము చేసి, ధనమిచ్చి నిలిపిన స్త్రీల పేళ్లు మాత్రము వెదకికొనవలసి యున్నది. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

కోఠీ యనగా పెద్దభవనము. ఇక్కడ కోఠీ యన్న పేరు వచ్చుటకు కారణము మూసీనది యుత్తరపుగట్టున వెలసిన బ్రిటిషు రెసిడెంటుగారి భవనమే. నిజాము దర్బారులో ఈస్టిండియా కంపెనీవారి ప్రతినిధిగా నుండు దొరను రెసిడెంటు అనెడివారు. 1798లో ఆ పదవికి వచ్చిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ అనునాతడు క్రొత్తభవనమునకై నిజాము నడిగి స్థలము సంపాదించెను. దీనిని గూర్చి ముచ్చటయైన కథ యొకటి చెప్పుదురు. మొదట ఆతడు విశాలమైన కాగితముపై పటము గీయించి పంపగా నిజాము కాదనెనట. దొర చిన్నబోయి మంత్రి మీర్ ఆలం నడుగగా, “ప్రభువులకు తమ రాజ్యపు పటమే అంత కాగితముపై చూపుదురు. మీ తోటయు అంతే కనబడినచో జంకరా? చిన్న చీటిపై గీచి పంపుడు” అని ఉపాయము చెప్పెనట. అట్లు చేయగా స్థలము దొరకినది. కథ యెంత నిజమో గాని, రాచకొలువుల మర్మము నెఱిగిన వాడెవడో చెప్పినదే.

1803 ప్రాంతమున ఆరంభమైన ఈ మేడను గీచినవాడు మద్రాసు ఇంజనీరుల దళమునకు చెందిన శామ్యూల్ రస్సెల్. వ్యయమంతయు నిజాముదే. ఎత్తైన కొరింథియన్ స్తంభములు, వాని మీద త్రికోణాకారపు నుదురు, ఆ నుదుట కంపెనీవారి చిహ్నము, మెట్లకు ఇరువంకల రాతిసింహములు, లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారుశాల. చూచినవారికి ఇది సీమలోని భవనమేమో యని తోచును. కట్టిన చేతులు మాత్రము ఈ దేశపు పనివాండ్రవి. కప్పులకు తీర్చిన రంగుల చిత్రపు పనియు వారి నేర్పే.

ఈ మేడకు వెనుక రంగమహలు అను రాణివాసముండెను. అది ఖైరున్నీసాబేగము నివాసము. ఆమె నగరములోని గొప్ప పారసీక వంశపు చిన్నది. కర్క్‌పాట్రిక్ ఆమెను ముస్లిము ఆచారము ననుసరించి వివాహమాడెను. ఈ వివాహమునకై కలకత్తాలోని గవర్నరు జనరలు వెల్లస్లీ ఆతనిపై విచారణలు జరిపించెను. ఆతడు దేశీయవేషము ధరించి, హష్మత్‌జంగ్ అను బిరుదము వహించి, ఆమెతో కాపురము చేసెను. బేగము ఘోషా స్త్రీ యగుటచే మేడకు ముందువైపు వచ్చి దాని యందము చూచుటకు వీలులేకపోయెను. అందులకై భర్త ఆ భవనమునకు చిన్న నమూనా చేయించి రంగమహలు తోటలో నిలిపెనని ప్రతీతి. తన యింటి ముంగిలిని తాను బొమ్మలో మాత్రమే చూచుకొనిన యిల్లాలి తీరు మనసులో మెదలినపుడు, ఆ బొమ్మను ప్రేమకానుక యని మెచ్చుకొనువారితో మేము పూర్తిగా ఏకీభవింపలేము.

ఆమెకు ఇద్దఱు బిడ్డలు. కుమారుడు 1801లోను కుమార్తె 1802లోను పుట్టిరి. 1805లో తండ్రి వారిని చదువుకొఱకు ఇంగ్లండు పంప నిశ్చయించెను. ఓడ యెక్కుటకు ముందు మద్రాసులో జార్జి చిన్నరీ యను చిత్రకారుడు ఆ పసివాండ్ర చిత్రమును వ్రాసెను. హైదరాబాదీ దుస్తులలో, జరీ జోళ్లతో, అన్న చెంత చెల్లెలు నిలిచియున్న ఆ చిత్రము నేడును జాగ్రత్తగా భద్రపఱుపబడి యున్నది. బిడ్డలు ఓడ యెక్కిన నాలుగైదు వారములకే, ఆ అక్టోబరులో, తండ్రి కలకత్తాలో మరణించెను. తల్లి వారిని మఱల చూడలేదు. అండ లేనిదగుటచే నగరము చేరనీయక ఆమెను కొన్నేండ్లు మచిలీపట్నములో నుంచిరి. తుదకు హైదరాబాదు చేరి, 1813లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

కుమార్తె కిట్టీ ఇంగ్లండులో పెరిగి పెద్దదై ఆంగ్ల రచయితయగు తామస్ కార్లైలు పరిచయము పొందెను. 1841లో అమ్మమ్మ షరఫున్నీసా యింకను బ్రతికియున్నదని తెలిసి ఆమెకు జాబు వ్రాసెను. అమ్మమ్మ పారసీకములో వ్రాయించుచు, మనుమరాలు ఆంగ్లములో వ్రాయుచు, మధ్యవర్తుల ద్వారా వారిద్దఱి జాబులును సముద్రము దాటినవి. ఒకరి నొకరు చూచుకొనకయే 1847లో వృద్ధురాలు పోయెను. ఇక రంగమహలు మాట యేమన, 1860 ప్రాంతమున దొరలు దానిని పడగొట్టించిరి. రెసిడెంటు దొరల నడవడిపై మచ్చగా నిలుచునని వారి తలంపట. దొరగారి దర్బారుశాల మాత్రము మచ్చలేక నిలిచినది!

1857 జూలై 17వ తేదీని తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ అనువారు కొన్నివందల మంది రొహిల్లాలతో ఈ భవనముపై కెత్తి వచ్చిరి. ఎదుట పుత్లీబౌలిలోని యిండ్లలో చేరి రాత్రియెల్ల తుపాకులు కాల్చి, ఫిరంగుల ధాటి కోర్వలేక తెల్లవారుసరికి చెదరిపోయిరి. మౌల్వీని అండమానులకు పంపిరి. తుర్రేబాజ్‌ఖాన్ చెఱ తప్పించుకొని పోయి 1859లో కాల్పులకు గుఱియై మరణించెను. కోఠీలో వైద్యకళాశాల యెదుటి రోడ్డు నేడు ఆతని పేరనే పిలువబడుచున్నది. రెసిడెన్సీ చుట్టు గోడలు, బురుజులు బలపడినది ఆ తిరుగుబాటు తరువాతనే.

రెసిడెన్సీ నంటి పెరిగిన అంగడివీధులకు రెసిడెన్సీ బజారులని పేరు. ఇక్కడ నిజాము అధికారము నడువక రెసిడెంటు అధికారము నడిచెడిది. అందుచేత వడ్డీవ్యాపారులు, గుజరాతీలు, మార్వాడీలు, మహారాష్ట్రులు వచ్చి నిలిచిరి. 1865లో కట్టిన గడియారపు గోపురము నేటికిని నిలిచియున్నది. 1933లో ఈ బజారులు తిరిగి నిజాముపరము కాగా సుల్తాన్ బజారు అను పేరు వచ్చినది.

నగరములో సభలు, సంఘములు పెట్టుకొనుటకు సర్కారువారి చిక్కులు మెండుగా నున్న కాలమున, కొంత ఊపిరి పీల్చుకొన వీలున్నది ఈ బజారులలోనే. 1901 సెప్టెంబరు 1వ తేదీని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఇక్కడ రావిచెట్టు రంగారావుగారి యింట వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మొదలగువారు దానికి మూలపురుషులు. రాజభాష ఉర్దూయై, బడులలో తెనుగు మాట వినబడని దినములలో, తెలుగు పుస్తకమును చేతబట్టి కూర్చుండుట కొక చోటు ఏర్పడుట సామాన్యమైన సంగతి కాదు. రంగారావుగారు గతించిన పిదప ఆయన ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు నిలయమునకు సొంతయిల్లు అమరుటకై ధనమిచ్చి తోడ్పడిరి. పదిమంది పెద్దలు పూనుకొన్నారని వ్రాయుచోట పదునొకండవదిగా ఆమె పేరును చేర్చిన గ్రంథకర్తలు కొలదిమందియే. నిలయము నేటికిని సుల్తాన్ బజారులో నున్నది. చీరల యంగళ్ల సందడిలో దాని ద్వారము వెదకికొనుటకు కొంత యోపిక కావలెను.

ఇచ్చటికి కూతవేటు దూరముననే వివేకవర్ధిని నాటకశాల. 1921 నవంబరులో అక్కడ సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు పుణెలో స్త్రీలకై విశ్వవిద్యాలయము నెలకొల్పిన కర్వే పండితుడు. ఆంగ్లములోను, ఉర్దూలోను, మరాఠీలోను మాటలాడినవారిని సభ శ్రద్ధతో వినెను. అల్లంపల్లి వేంకటరామారావుగారు తెనుగున ఉపన్యసింప లేవగానే గేలిచేసి కూర్చుండబెట్టిరి. తల్లిభాషకు జరిగిన ఆ పరాభవమునకు తాళలేక ఆ రాత్రియే పదునొకండుగురు టేకుమాల రంగారావుగారి యింట కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. దాని ఫలమే తరువాతి ఆంధ్రమహాసభ. స్త్రీవిద్యకు ప్రాణమిచ్చిన మహనీయుని సమక్షమున ఈ యవమానము జరుగుట విధివిలాసము. మా యింట తెలుగు పంతులున్నందున ఈ ఘట్టము మాకు తఱచుగా వినబడుచుండును.

ఇక వైద్యము మాట. నగరమున వైద్యపాఠశాల 1846లో ఆరంభమైనది. తరువాతి కాలమున అదియే ఉస్మానియా వైద్యకళాశాలయై కోఠీలో నిలిచినది. 1885లో ఆ పాఠశాలలో చేరిన స్త్రీలలో రూపాబాయి ఫర్దూంజీ యను పార్శీ యువతి యొకతె. 1889లో ఆమె హకీము పట్టము పొందెను. శస్త్రచికిత్సకు ముందు రోగికి క్లోరోఫారము ఇచ్చి మత్తు కలిగించుట ప్రాణముతో కూడిన పని. పాలు మించిన ఊపిరి ముందాగునా, గుండె ముందాగునా యను వాదము నాడు సీమలో పెద్దగా నడుచుచుండెను. పాఠశాల యధికారి డాక్టరు లారీ ఊపిరియే ముందని పట్టుపట్టి, 1888, 1889 సంవత్సరములలో ఈ నగరముననే రెండు పరిశోధక సంఘములను కూర్చెను. రెండవదానికి నిజాము ధనమిచ్చెను. అట్టి చోట పాఠము నేర్చిన రూపాబాయి, రెసిడెన్సీ ఆసుపత్రిలోను ఇతర ఆసుపత్రులలోను ఏండ్లకొలది మత్తుమందిచ్చు పనియందే యుండెను. లోకములో ఆ వృత్తిని చేపట్టిన మొదటి స్త్రీగా ఆమెను లెక్కించుచున్నారు. 1909లో ఎడింబరోకు పోయి పైచదువును చదివివచ్చెను. నాటి రెసిడెన్సీ ఆసుపత్రికి వారసుగా సుల్తాన్ బజారులో నిలిచినది నేటి ప్రభుత్వ ప్రసూతివైద్యశాల. నొప్పులు పడుచు అక్కడ చేరు కోడండ్రకు, ఆ వీధిలో నూఱేండ్లకు పూర్వమే ఇతరుల నొప్పి మఱపించిన స్త్రీ యొకతె యుండెనని చెప్పువారుండరు.

స్వాతంత్ర్యము వచ్చినపిదప రెసిడెంటులు పోయిరి, మేడ ఖాళీపడినది. 1924లో ఆరంభమైన ఉస్మానియా మహిళాకళాశాల 1949లో ఈ ఆవరణమునకు మారినది. గోడకావల బేగమును దాచిన చోటనే వేలకొలది బాలికలు పుస్తకములు పట్టుకొని తిరుగసాగిరి. దర్బారుశాలలో తరగతులు జరిగినవి. రాతిసింహములు వారికి ఆటబొమ్మలైనవి. అయితే పాతమేడకు వయసు వచ్చినది. వానకు కప్పు కారి, గోడల పూత రాలి, కొన్నేండ్లకు ఆడపిల్లలు లోపల అడుగిడుటయే ప్రమాదమైనది. ప్రపంచ కట్టడముల నిధివారు 2002లో దీనిని అపాయములోనున్న కట్టడముల పట్టీలో చేర్చిరి. తరువాత ఏండ్లతరబడి సున్నముతోను కలపతోను బాగుచేయగా మేడకు పూర్వపు తేజస్సు తిరిగి వచ్చినది.

వీధికి మాత్రము క్రొత్తచిక్కులు వచ్చినవి. మెట్రోరైలు మార్గము సుల్తాన్ బజారు మీదుగా పోవునని తెలిసినప్పుడు అంగళ్లవారు ఏండ్లకొలది అభ్యంతరము చెప్పిరి. 2020 ఫిబ్రవరిలో రైలు నడచినది. ఇప్పుడు ఆ యిఱుకు వీధిపై కాంక్రీటు వంతెన నీడ పడుచున్నది. పైనుండి చూచువారికి పాతయిండ్ల చెక్కబాల్కనీలు కొన్ని కనబడును. రైలెక్కువారికైనను అవి కనబడుట మేలే.

2022లో కళాశాల మహిళావిశ్వవిద్యాలయ మైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. పాలకుర్తిలో కౌలుకు చేసికొనిన పొలము పంటను దేశముఖు మనుష్యులు దోచరాగా ఎదురునిలిచి నిలబెట్టుకొనిన వనిత ఆమె. 1985లో గతించెను. కంపెనీవారి చిహ్నము చెక్కిన మేడగల ఆవరణమునకు వెట్టి నెదిరించిన చాకలిస్త్రీ పేరు కట్టబడుట రెసిడెంటులకు కలలోనైన తోచి యుండదు. ఖైరున్నీసాకు, రూపాబాయికి, లక్ష్మీనరసమ్మగారికి కూడ ఫలకములు ఉండవలెను. ఆ వీధిలో గోడలకు కొదువయా!