మందుకు తగ్గ గుండు!

తుపాకీ ఎంత గొప్పదైనా ట్రిగ్గర్ నొక్కాక జరిగేదంతా తూటా లోపలి సంగతే. ఎలాంటి మందు, ఎంత మందు, ఎంత బరువు గుండు... ఈ మూడు లెక్కలూ కుదిరితే గురి. కుదరకపోతే పట్టుకున్నవాడికే ముప్పు. వందేళ్లకు పైగా మన సిపాయిల, పోలీసుల భుజాన వేలాడిన 'త్రీ నాట్ త్రీ' కథంతా ఆ లెక్కల కథే.

రోగం తగ్గడానికి వేసుకునేదీ మందే. గ్లాసులో పోసుకునేదీ మందే. తుపాకీలో కూరేదీ మందే. మోతాదు తప్పితే మూడూ ముప్పే!

తుపాకీ సరంజామాకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు మందుగుండు. మందు, గుండు... రెండు మాటలు కలిపి ఒకే మాట. ఏ మందుకు ఏ గుండు అన్న ఎంపికే తుపాకీ విద్యలో సగం అని ఆ పేరే చెబుతున్నట్టుంటుంది. ఈ ఎంపిక ఎవరి చేతిలో ఉండాలన్న విషయంపై ప్రభుత్వాలు చట్టాలు చేశాయి. దేశాలు ఒప్పందాలు రాసుకున్నాయి.

సరిహద్దు ఊళ్లలో రెండు తుపాకులు

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే దారి కృష్ణ ఒడ్డుకు చేరుస్తుంది. నది పక్కన భవానీ ముక్తేశ్వరస్వామి గుడి, ఊళ్లో వాసిరెడ్డి జమీందార్ల కోట. 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన ఈ మెట్ట ప్రాంతం అంతకుముందు కృష్ణా జిల్లా. ఇంకా వెనక్కి, 1948 దాకా వెళ్తే ఇది సరిహద్దు. ఇటు బ్రిటిష్ ఆంధ్ర, అటు నిజాం రాజ్యం. ఆ గీత కూడా తిన్నగా ఉండేది కాదు. నందిగామకు దగ్గర్లోని పరిటాల చుట్టుపక్కల ఊళ్లు నిజాం ఏలుబడిలో ఉండేవి. నైజాం పల్లెల నడుమ ఉన్న మునగాల పరగణానేమో కృష్ణా జిల్లా కిందికి వచ్చేది.

తెలంగాణ సాయుధ పోరాటం, రజాకార్ల దాడులు సాగిన ఆ రోజుల్లో ఈ గీతకు అటూ ఇటూ రెండు రకాల తుపాకులు తిరిగాయి. ఒకటి పల్లె జనం చేతిలోని భర్మార్. రెండోది సర్కారు చేతిలోని 303 రైఫిల్. 1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట దిక్కుగా సాగింది. అప్పటి మన సైనికుడి రైఫిల్ కూడా 303యే.

ఈ రెంటి మధ్య తేడా గొట్టంలోనో కర్రలోనో కాదు. మందూ గుండూ ఎవరు ఎంచుతారన్న దాంట్లో!

'భర్' అంటే నింపు, 'మార్' అంటే కొట్టు. పేరులోనే పనంతా ఉంది. గొట్టం మూతి నుంచి మందు పోయాలి, పీచో గుడ్డో కూరాలి, గజంతో దట్టించాలి, పైన గుండో రవ్వలో వేయాలి. కొలత పేల్చేవాడిదే. చెయ్యి కాస్త బరువైతే గొట్టం పగులుతుంది, తేలికైతే గుండు దగ్గర్లోనే రాలిపోతుంది. ఒకసారి పేల్చాక మళ్లీ మొదటి నుంచీ ఇదే తతంగం.

303 తూటాలో అన్నీ ముందే అమర్చి ఉంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేల్చేవాడికి కొలత బాధ లేదు. కానీ ఆ తూటా అయిపోతే ఊళ్లో తయారు చేసుకునే వీలూ లేదు. సురేకారం, గంధకం, బొగ్గు పల్లెలో దొరుకుతాయేమోగానీ ఆ ప్రైమరూ ఆ పొగలేని మందూ ఫ్యాక్టరీలో తప్ప పుట్టవు. శత్రువు దగ్గర 303 లాక్కున్నా తూటాలు లేనినాడు అది చేతికర్రతో సమానం.

సేమ్యా లాంటి మందు

303 పుట్టింది 1888లో, లీ-మెట్‌ఫోర్డ్ రైఫిల్‌తో. గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళం కాబట్టి ఆ పేరు. అంటే 7.7 మిల్లీమీటర్లు. మొదట్లో అందులోనూ నల్లమందే. బిళ్లలా ఒత్తి, ఇత్తడి గొట్టంలో కూర్చేవారు. దాంతో రెండు చిక్కులు. పేల్చగానే ముందు పొగ కమ్మేసి ఎదుటివాడు కనిపించడు. పొగను బట్టి మనమెక్కడున్నామో మాత్రం ఎదుటివాడికి తెలిసిపోతుంది.

దానికి విరుగుడుగా 1889లో ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్తలు కార్డైట్ కనిపెట్టారు. నైట్రోగ్లిజరిన్, గన్‌కాటన్, కాస్త వాజిలీన్ కలిపి, సేమ్యాలా పోగులుగా తీసిన మందు అది. ఆ పోగుల కట్టనే తూటాలో నిలువుగా దూర్చేవారు. పొగ దాదాపు లేదు, వేగం ఎక్కువ. ఇది తన బాలిస్టైట్‌కు నకలేనని డైనమైట్ సృష్టికర్త ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తరఫున కోర్టుకెక్కారు. 1895లో ఆ కేసు ఓడిపోయారు.

మందు మారింది కానీ తుపాకీ పాతదే. అక్కడొచ్చింది తంటా! కార్డైట్ మంట వేడికి మెట్‌ఫోర్డ్ గొట్టంలోని లోతులేని గాడులు అరిగిపోసాగాయి. గాడులు అరిగితే గుండు తిరగదు, తిరగకపోతే గురి ఉండదు. దాంతో 1895లో లోతైన గాడులతో లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చింది. ఆ తర్వాత మందునూ చల్లబరిచారు. మొదట్లో 58 శాతం ఉన్న నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి తగ్గించి గన్‌కాటన్ పెంచారు. అలా మందు కోసం తుపాకీ, తుపాకీ కోసం మందు ఒకదాని వెంట ఒకటి మారాయి.

ఊటీ బొమ్మరైలు ఎక్కినవాళ్లు కూనూరు, వెల్లింగ్టన్ దాటాక అరువంకాడు స్టేషన్ చూసే ఉంటారు. అక్కడి ఫ్యాక్టరీ పేరే 'కార్డైట్ ఫ్యాక్టరీ'. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెట్టిన ఆ కార్ఖానా ఇప్పుడు మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది.

కార్డైట్ తయారీకి ఎసిటోన్ కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో దానికి కరవొచ్చింది. అప్పుడు మొక్కజొన్నను పులియబెట్టి ఎసిటోన్ తీసే పద్ధతితో బ్రిటన్‌ను గట్టెక్కించిన రసాయన శాస్త్రవేత్త ఛైమ్ వైజ్‌మన్. 1949లో ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడైంది ఆయనే!

కలకత్తా గుండు, హేగ్ ఒప్పందం

మందు సంగతి అలా ఉంటే గుండుది ఇంకో గొడవ. మొదటి 303 గుండు బరువు 215 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే మన గురిగింజ ఎత్తులో దాదాపు సగం. సీసం మీద గట్టి లోహపు తొడుగు, గుండ్రటి ముక్కు. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ పోరులో సిపాయిలు దీని మీద ఫిర్యాదు చేశారు. గుండు మనిషిలోంచి దూసుకుపోతోంది తప్ప ఆపడం లేదని!

కలకత్తా పక్కన డమ్‌డమ్‌లోని ఆయుధాగారంలో కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే దీనికి ఉపాయం చేశాడు. ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసం బయటికి కనిపించేలా వదిలాడు. తగలగానే ముక్కు విచ్చుకుంటుంది. గాయం ఘోరంగా ఉంటుంది. 'డమ్‌డమ్ బుల్లెట్' అన్న మాట ప్రపంచానికి వచ్చింది అక్కడి నుంచే. ఇది అమానుషమని 1899లో హేగ్‌లో దేశాలు ప్రకటన చేశాయి. మొదట ఒప్పుకోని బ్రిటన్ 1907లో దారికొచ్చింది.

మామూలు గుండు ముక్కును తామే ఆకురాయితో అరగదీసుకున్న వేటగాళ్లకు మరో ప్రమాదం ఎదురయ్యేది. ఆ గుండు అడుగు ముందే తెరిచి ఉంటుంది. పైన కూడా తెరిస్తే సీసం దూసుకుపోయి తొడుగు గొట్టంలోనే ఇరుక్కునే వీలుంది. ఆ సంగతి తెలియక రెండోసారి పేలిస్తే తుపాకీయే పగులుతుంది.

చివరికి 1910లో కుదిరిన జోడీ మార్క్ 7. గుండు 174 గ్రెయిన్లకు తగ్గింది, ముక్కు సూదిలా మొన దేలింది. పైకి సాదాగా కనిపించినా లోపల ముక్కు భాగంలో సీసానికి బదులు తేలికైన అల్యూమినియం. దాంతో బరువంతా వెనక్కి చేరి, తగలగానే గుండు పల్టీ కొడుతుంది. ఒప్పందం మాట నిలబెట్టినట్టూ ఉంది, పనీ అయినట్టుంది! రెండు ప్రపంచ యుద్ధాలూ ఈ తూటాతోనే సాగాయి.

వంటగది లాంటి పనే!

సైన్యాలు వదిలేసినా ఈ తూటాను వదలనివాళ్లు ఉన్నారు. కెనడా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో పాత 303లతో గురి పోటీలకు వెళ్లేవారు, వేటకెళ్లేవారు ఖాళీ ఇత్తడి గొట్టాలను ఏరుకొచ్చి తామే మళ్లీ నింపుకొంటారు. అక్కడి చట్టాలు అందుకు ఒప్పుకుంటాయి. కార్డైట్ ఇప్పుడు అంగట్లో దొరకదు. అందుకే కొత్త మందును ఎంచుకోవడమే వాళ్ల మొదటి పరీక్ష.

మందులన్నీ ఒకేలా మండవు. పొయ్యిలో ఎండుగడ్డి భగ్గున లేచి ఆరిపోతుంది, చింతమొద్దు నిదానంగా కాలుతుంది. తూటా మందులూ అంతే. తేలికపాటి గుండు త్వరగా కదులుతుంది కాబట్టి వేగంగా కాలే మందు సరిపోతుంది. బరువైన గుండు కదలడానికి సమయం పడుతుంది కాబట్టి నిదానంగా కాలేది కావాలి. బరువు గుండు వెనక గడ్డిమంట లాంటి మందు పోస్తే గుండు కదిలేలోపే ఒత్తిడి పెరిగిపోతుంది. పాత కార్డైట్ ఎంత పోశారో చూసి కొత్త మందూ అంతే పోస్తామన్నా ప్రమాదమే. అందుకే మందు కంపెనీలు అచ్చువేసే పట్టికలు దగ్గర పెట్టుకుని, అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ పోతారు.

గుండు ఎంపికలో ఇంకో మాయ ఉంది. పేరు 303 కానీ గుండు వ్యాసం 0.303 కాదు! అది గాడుల మధ్య ఎత్తుల కొలత. గాడుల లోతు దాకా పట్టాలంటే గుండు 0.311 లేదా 0.312 అంగుళం ఉండాలి. అమెరికాలో విరివిగా దొరికేవి 0.308వి. తేడా వెంట్రుకవాసే. అయినా 303 గొట్టంలో అవి వదులై, గురి చెదిరిపోతుంది. ఏళ్ల తరబడి కార్డైట్ కాల్చి అరిగిన గొట్టాలకైతే తోక సన్నగా ఉండే గుండ్ల కంటే అడుగు చదునుగా ఉన్నవే నయమని అనుభవజ్ఞుల మాట. వెనక నుంచి వచ్చే వేడి గాలి చదును అడుగును గాడుల్లోకి ఒత్తుతుంది.

ఇక ఇత్తడి గొట్టం. కందకాల బురదలోనూ ఇరుక్కోకుండా లోపలికి వెళ్లాలని ఈ రైఫిల్ గదిని కాస్త వదులుగానే చేశారు. పేల్చిన ప్రతిసారీ గొట్టం సాగుతుంది. పదేపదే సాగితే అడుగు భాగం ఊడి బయటికొచ్చి, మిగతా గొట్టం గదిలో ఉండిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గొట్టాన్ని మొత్తంగా కాకుండా మూతి దగ్గర మాత్రమే నొక్కి సరిచేస్తారు. వంచిన తీగను లోపలికి పోనిచ్చి గోడ ఎక్కడైనా పలచబడిందేమో తడిమి చూస్తారు. ఆ పని చేసేటప్పుడు టీవీ పెట్టరు, మాటలు పెట్టుకోరు. ఒకే గొట్టంలో మందు రెండుసార్లు పోస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

ఇక్కడ కుదరదు

మనదేశంలో ఆ ముచ్చటకు తావు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 303 అయితే సామాన్యులకు నిషిద్ధమైన కొలత.

ఈ జాగ్రత్త బ్రిటిష్‌వాళ్ల కాలం నాటిదే. 1907 ప్రాంతంలో ఇండియాలో 450 కొలత వేట రైఫిళ్లను నిషేధించారు. వాటి గుండ్లను ఊడదీసి పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకుల తూటాల్లో నింపుకుంటారన్న భయం! ఆ దెబ్బకు ఇంగ్లండ్ తుపాకీ కంపెనీలు 465, 470 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. 303 దక్కని లైసెన్సుదారుల కోసం 315 వచ్చింది. రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్‌దే, తూటా మాత్రం ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లిచర్. ఎక్కడో యూరప్‌లో పాతబడిన సైనిక తూటా అలా మన పల్లెల్లో లైసెన్సు తుపాకుల్లో బతికింది.

303కి మన దగ్గర వీడ్కోలు ఆలస్యంగానే జరిగింది. 2008 నవంబరు 26న ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో ఏకే-47లకు ఎదురు నిలిచిన పోలీసుల చేతుల్లో ఈ రైఫిళ్లున్నాయి. 2020 జనవరి 26న ఉత్తరప్రదేశ్ పోలీసులు పెరేడ్‌లో లాంఛనంగా దానికి సెలవిచ్చారు.

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో దాన్ని మోసినవాళ్లకు భుజం నొప్పి, పుల్‌త్రూకి చిందీ కట్టి గొట్టం తుడిచిన పనీ గుర్తుండే ఉంటాయి. ఫైరింగ్ అయ్యాక ఖాళీ తూటాలు ఏరి లెక్క అప్పజెప్పేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. చిత్తు ఇత్తడికి ఇంత లెక్కేమిటా అనిపించేది అప్పట్లో. కానీ మందు, గుండు, ప్రైమర్ దొరికితే ఆ ఖాళీ గొట్టం మళ్లీ తూటా అవుతుంది. సర్కారు లెక్కపెట్టింది దాన్నే!

ఇరవై ఏళ్లలో ఎంత మార్పు!

1889: నల్లమందు సుమారు 70 గ్రెయిన్లు, గుండు 215 గ్రెయిన్లు. వేగం సెకనుకు దాదాపు 560 మీటర్లు.

1890లు: కార్డైట్ సుమారు 31 గ్రెయిన్లు, గుండు అదే. మందు సగానికి తగ్గినా వేగం సెకనుకు 600 మీటర్లు.

1910 తర్వాత: మార్క్ 7లో మందు సుమారు 37 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములు కూడా నిండదు. గుండు 174 గ్రెయిన్లు. వేగం సెకనుకు 744 మీటర్లు.