లాలాజల గ్రంథుల స్రావక కార్సినోమా

స్రావక కార్సినోమా (వైద్యుల వాడుకలో సెక్రెటరీ కార్సినోమా) లాలాజల గ్రంథులలో అరుదుగా ఏర్పడే ఒక రకమైన కాన్సర్. ఇది ఎక్కువగా చెవి ముందుభాగంలో ఉండే పెరోటిడ్ గ్రంథిలో నొప్పి లేని గడ్డగా మొదలై నెమ్మదిగా పెరుగుతుంది. 2010కి ముందు దీనికి ప్రత్యేకమైన పేరు లేదు. ఇటువంటి కణితులలో అధికభాగం అసైనిక్ కణ కార్సినోమాగా నమోదయ్యేవి.

చరిత్ర

రొమ్ములో వచ్చే స్రావక కార్సినోమాలో 12వ క్రోమోజోముపై గల ఈటీవీ6 జన్యువు, 15వ క్రోమోజోముపై గల ఎన్‌టీఆర్‌కే3 జన్యువుతో కలిసిపోయి ఉంటుందని 2002లో తెలిసింది. కొన్ని లాలాజల గ్రంథి కణితులు ఈ రొమ్ము కణితులను పోలి ఉండటాన్ని చెక్ దేశపు పాథాలజిస్టు అలెనా స్కాలోవా గమనించారు. ఆమె సహచరులతో కలిసి పరిశీలించిన 16 కేసులను 2010లో ప్రచురించారు. వీటిలోనూ అదే జన్యు కలయిక బయటపడింది. ప్రస్తుత పేరు 2017 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణతో స్థిరపడింది. తరువాత పాత స్లైడులను మళ్ళీ చూసినపుడు, అసైనిక్ కణ కార్సినోమాగా భావించిన పలు కణితులు నిజానికి ఇవేనని తేలింది.

నిర్ధారణ

స్కానింగులు గడ్డ పరిమాణాన్ని, వ్యాప్తిని చూపగలవు గాని రకాన్ని చెప్పలేవు. సన్నని సూదితో కణాలను తీసి చేసే పరీక్ష కూడా తరచుగా అనుమానం వద్దనే ఆగిపోతుంది. సూక్ష్మదర్శినిలో చిన్న చిన్న తిత్తులు, వాటి నిండా గులాబీరంగు స్రావం, బుడగలతో కూడిన కణాలు కనిపిస్తాయి. అసైనిక్ కణ కార్సినోమాలో ఉండే జైమోజెన్ రేణువులు ఇందులో ఉండవు. ప్రత్యేక రంజనాలలో ఎస్100, మామాగ్లోబిన్ ప్రోటీన్లు గట్టిగా కనిపిస్తాయి. డాగ్1 సాధారణంగా కనిపించదు. అయితే మామాగ్లోబిన్ ఒక్కదానినే నమ్మరాదు, వేరే లాలాజల కణితులలోనూ అది కనిపించవచ్చు.

సందేహం మిగిలితే జన్యు పరీక్ష అవసరమవుతుంది. ఫిష్ అనే పరీక్షలో ఈటీవీ6 తెగినదీ లేనిదీ తెలుస్తుంది, కానీ అది ఏ జన్యువుతో అతుక్కున్నదో సాధారణంగా తెలియదు. శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించగల కణితి విషయంలో ఇది పెద్ద లోపం కాదు. వ్యాధి ఇతర అవయవాలకు పాకిన రోగికి మాత్రం చికిత్స దీనిమీదనే ఆధారపడుతుంది. ఎన్‌టీఆర్‌కే కలయిక గల కాన్సర్లకు లారోట్రెక్టినిబ్‌ను అమెరికా 2018లో అనుమతించింది. ఈ మందుపై అదే సంవత్సరం ప్రచురితమైన అధ్యయనంలోని 55 మంది రోగులలో 12 మందివి లాలాజల గ్రంథి కణితులే. కొన్ని స్రావక కార్సినోమాలలో ఈటీవీ6 రెట్ జన్యువుతో కలుస్తుంది; వీటిపై లారోట్రెక్టినిబ్ పనిచేయదు, రెట్‌ను నిరోధించే సెల్పర్కాటినిబ్ వంటి మందు కావాలి. అందువలన మందు ఎంపికకు ముందు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ద్వారా జత జన్యువును గుర్తిస్తారు.