షికాగో నగరమున నొక ముష్టియుద్ధము

ముష్టియుద్ధమున బలవంతుడే గెలుచునని సామాన్యముగా తలంతురు. బలముతోపాటు నియమపాలనమును ఎంత యవసరమో తెలుపు పోటీ యొకటి 1927వ సంవత్సరమున అమెరికా దేశమందలి షికాగో నగరమున జరిగెను.

ఈ క్రీడలో యోధులను బరువునుబట్టి తరగతులుగా విభజింతురు. ఆ కాలమున 175 పౌండ్లకు మించినవారు హెవీవెయిట్ తరగతికి చెందినవారు. త్రాళ్లు కట్టిన చతురస్రపు బరిలో, చేతులకు తోలుతొడుగులు ధరించి పోరాడుదురు. మూడు నిమిషముల పోరాటము ఒక రౌండు. పిదప నొక నిమిషము విశ్రాంతి. దెబ్బతిని పడినవాడు రెఫరీ పది లెక్కించులోపల లేవవలెను, లేవనిచో నోడినట్లే.

జాక్ డెంప్సీ 1919వ సంవత్సరమున జెస్ విల్లర్డును ఓడించి జగజ్జెట్టి యాయెను. పడిన ప్రత్యర్థి చెంతనే నిలిచి, అతడు లేచుచుండగనే మరల కొట్టుట డెంప్సీకి వాడుక. 1923వ సంవత్సరమున అర్జెంటీనా యోధుడగు ఫిర్పోతో పోరాడినపుడును అట్లే చేసెను. ఇట్లయిన పడినవాడు తేరుకొనుటెట్లు? బరికి గల నాలుగు మూలలలో రెండు, యోధుల విశ్రాంతికై యేర్పడినవి. తక్కిన రెండును ఎవరివియు కావు. పడగొట్టినవాడు అట్టి మూలలలో దూరపుదానికి పోవలెననియు, పోవువరకు లెక్క సాగరాదనియు నియమము చేసిరి.

1926వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీని ఫిలడెల్ఫియాలో జీన్ టన్నీ యనువాడు డెంప్సీని ఓడించి జగజ్జెట్టి పదవి నందెను. ఇతడు సైనికుడుగా పనిచేసినవాడు; షేక్స్పియరు గ్రంథములయం దభిరుచి గలవాడు. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి షికాగోలోని సోల్జర్ ఫీల్డున వీరిరువురును మరల తలపడిరి. లక్షకు పైగా జనులు చేరిరి. టిక్కెట్ల వలన 26 లక్షల డాలర్లకు మించి వసూలాయెను.

మొదటి ఆరు రౌండులలో టన్నీదే పైచేయి. ఏడవ రౌండున డెంప్సీ వరుసగా కొట్టిన దెబ్బలకు టన్నీ త్రాళ్లచెంత కూలబడెను. రెఫరీ డేవ్ బారీ దూరపు మూలకు పొమ్మని డెంప్సీకి చూపెను. పాత వాడుక చొప్పున అతడు వెంటనే కదలడాయెను. అతడు కదలిన పిమ్మటనే బారీ ‘ఒకటి’ యని లెక్క మొదలిడెను. టన్నీ ‘తొమ్మిది’ వినగనే లేచెను. అప్పటికి అతడు పడి సుమారు 14 సెకండు లయ్యెను. లేచినవాడు తెలివిగా వెనుకకు జరుగుచు తప్పించుకొని, ఎనిమిదవ రౌండున డెంప్సీనే పడగొట్టెను. పది రౌండులు ముగియగా విజయము టన్నీదే యని తీర్పు చెప్పిరి.

వెంటనే లెక్కించియున్న డెంప్సీయే గెలుచునని అతని పక్షమువారు వాదించిరి. ముందే లేవగలిగియు, విశ్రాంతికై తొమ్మిది వరకు వేచితినని టన్నీ చెప్పెను. ఎనిమిదవ రౌండున డెంప్సీ పడినపుడు, టన్నీ మూలకు పోకమునుపే రెఫరీ లెక్క మొదలిడెనని కొందరు తప్పుపట్టిరి. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. నియమము ఇరువురకును ఒక్కటియే కావలెను గదా!

అయినను ఏడవ రౌండున జరిగిన యాలస్యము డెంప్సీ చేసినదే. నియమము అతనికి ముందుగనే తెలియును. బాహుబలము అతనికి మెండుగా నుండెను. కొన్ని యడుగులు ప్రక్కకు నడచు నిగ్రహమే ఆ క్షణమున కొరవడెను.

టన్నీ 1928వ సంవత్సరమున జగజ్జెట్టిగనే బరిని విడిచెను. తరువాతి కాలమున ఈ యిరువురును మిత్రులైరి.