అగ్గి తెగులు శిలీంధ్రంలో సంయోగ వర్గం, లింగం: ఒక పారిభాషిక వివేచన

వరిలో అగ్గి తెగులుకు కారణం మాగ్నపోర్తె ఒరైజే అనే శిలీంధ్రం. ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలుగా మొదలై వెన్ను మెడ విరుపు దాకా సాగే ఈ తెగులును సాంబ మసూరి (బీపీటీ 5204) తట్టుకోలేదు. ఈ శిలీంధ్రపు ప్రత్యుత్పత్తిని తెలుగులో వివరించబోతే మొదట అడ్డుపడేవి ‘ఆడ’, ‘మగ’ అనే మాటలు.

1904లో బ్లేక్‌స్లీ మ్యూకర్ జాతి బూజులలో సంయోగానికి రెండు భిన్న తంతుజాలాలు కావాలని నిరూపించాడు. వాటి రూపంలో భేదమేదీ కనిపించనందున వాటిని ధన, రుణ వర్గాలు అన్నాడే తప్ప స్త్రీ, పురుషులు అనలేదు. ఆ జాగ్రత్త నేటికీ అవసరం.

అగ్గి తెగులు శిలీంధ్రం ఏకస్థితిక జీవి. దాని ప్రతి విభేదంలోనూ మ్యాట్1-1, మ్యాట్1-2 అనే రెండింటిలో ఏదో ఒకటే ఉంటుంది. ఒకే వర్గానికి చెందినవి కలవవు. ఒకే ఇంటిపేరు గల కుటుంబాల మధ్య వియ్యం కుదరకపోవడం వంటిదిది; కాకపోతే ఇక్కడున్న ఇంటిపేర్లు రెండే. ఇంటిపేరును బట్టి వ్యక్తి స్త్రీయో పురుషుడో చెప్పలేనట్లే, సంయోగ వర్గాన్ని బట్టి లింగపాత్రను చెప్పలేము. పెరిథీసియం అనే ఫలనాంగాన్ని నిర్మించగలిగినది స్త్రీ పాత్ర వహిస్తుంది, కేంద్రకాన్ని అందించేది పురుష పాత్ర వహిస్తుంది. రెండు పాత్రలనూ పోషించగల విభేదాలు రెండు వర్గాలలోనూ ఉండవచ్చు.

ఈ భేదాన్ని విస్మరిస్తే క్షేత్ర ఫలితాలు తప్పుగా అర్థమవుతాయి. ఒక మడిలో రెండు వర్గాలూ దొరికినంత మాత్రాన అక్కడ లైంగికోత్పత్తి జరుగుతున్నట్లు కాదు. వరిపై దొరికే విభేదాలలో అత్యధికం స్త్రీ ఫలవంతతను కోల్పోయినవే. అవి కొనీడియంల ద్వారా అలైంగికంగానే వ్యాపిస్తాయి. ప్రయోగశాలలో వరుసగా అలైంగికంగా పెంచుతూ పోతే స్త్రీ ఫలవంతత త్వరగా, తిరిగి రాని విధంగా నశిస్తుందని 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. ఫలవంతమైన విభేదాలు ప్రధానంగా ఆసియాలోని కొన్ని ప్రాంతాలకే పరిమితం. చెరకు కాటుక తెగులు శిలీంధ్రం తీరు దీనికి పూర్తిగా భిన్నం: అందులో రెండు వర్గాలు కలిస్తేనే మొక్కకు తెగులు సోకుతుంది.

వరి ప్రజనన శాస్త్రజ్ఞులకు ఇది కేవలం పదాల తగవు కాదు. ఒక రకంలో రెండు నిరోధక జన్యువులను కూర్చినప్పుడు, అలైంగికంగా వ్యాపించే శిలీంధ్రం వాటిని దాటాలంటే ఒకే వంశంలో రెండు ఉత్పరివర్తనాలు ఒకదాని వెంట ఒకటి జరగాలి. లైంగికోత్పత్తి ఉన్నచోట వేర్వేరు విభేదాలలో పుట్టిన ఆ మార్పులు ఒక్క సంకరణంతో ఒకే సంతతిలో చేరగలవు. అందువల్ల పీసీఆర్ పరీక్షతో సంయోగ వర్గాన్ని గుర్తించి ఆగిపోయే సర్వే ముప్పును అంచనా వేయలేదు. సేకరించిన విభేదాలను ఫలవంతమని తెలిసిన విభేదాలతో సంకరపరచి, పెరిథీసియం ఏ పక్షాన ఏర్పడిందో చూడవలసి ఉంటుంది.