ఏ వయసు బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాలి?

యెరూషలేము పండుగకు వెళ్లి తిరిగి వస్తున్న యోసేపు మరియలు ఒక దినప్రయాణం సాగిన తరువాత గాని తమ కుమారుడు గుంపులో లేడని గ్రహించలేదు. లూకా సువార్త 2వ అధ్యాయంలోని ఆ సంగతి మనమందరం చదివినదే. వారు నిర్లక్ష్యపరులు కారు. బంధువులతో ఉన్నాడులే అనుకున్నారు. యేసుకు అప్పటికి 12 ఏళ్లు. తల్లి కొంగు పట్టుకుని నడిచే వయసు కాదు, పెద్దల లెక్కలో చేరే వయసూ కాదు. ఎవరో ఒకరితో ఉన్నాడులే అనే తలంపు ఎంత సులువుగా వస్తుందో, ఎంత వేదన తెస్తుందో మేము కూడా ఒక వేసవిలో నేర్చుకున్నాము.

దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె హాలు తీసుకుని మొదటిసారి వి.బి.ఎస్. పెట్టిన రోజులవి. సరూర్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి వైపుల నుండి అరవైమందికి పైగా పిల్లలు వచ్చారు. మా సంతోషానికి మేర లేదు. నాలుగేళ్ల పాప మొదలుకొని పదిహేనేళ్ల కుర్రవాని వరకు అందరినీ ఒకే హాలులో, ఒకే చాపల మీద కూర్చోబెట్టి ఒకే కథ చెప్పాము. రెండవ రోజు ఉదయం ఒక అయిదేళ్ల పాప కనబడలేదు. వాళ్ల అక్కతో ఉందనుకున్నాము. అక్క వయసు తొమ్మిదేళ్లు. ఆమేమో చెల్లెలు టీచరు దగ్గర ఉందనుకున్నది. ముప్పావు గంట వెదికితే మెయిన్ రోడ్డు పక్కన ఒక చెరకు రసం బండి దగ్గర దొరికింది. ఆ బండి మనిషి పాపను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎవరైనా వస్తారని కనిపెట్టుకుని ఉన్నాడు.

తల్లి నాలుగిళ్లలో పనిచేసుకునే సహోదరి. సాయంకాలం వచ్చి, కోపపడకుండా ఒకే మాట అన్నది. "అయ్యగారూ, మీ దగ్గర ఉంటే భయం లేదనే గదా పంపాను." ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అదే వారంలో పదునాలుగేళ్ల కుర్రవాడు ఒకడు రావడం మానేశాడు. ఇంటికి వెళ్లి అడిగితే తల వంచుకుని, "చిన్నపిల్లల మధ్య నిలబడి చేతులూపుతూ పాడమన్నారు అయ్యగారూ, మా క్లాసువాళ్లు కిటికీలోనుంచి చూసి నవ్వారు" అన్నాడు. ఒకే పొరపాటు వలన చిన్నబిడ్డ ప్రమాదంలో పడింది, పెద్దబిడ్డ సిగ్గుపడి దూరమైపోయాడు.

సముద్రం మీద ఒక పాఠం

ఈ సంగతి మరల జ్ఞాపకం రావడానికి కారణం ఉన్నది. ఎల్.బి.నగర్‌లో ఉండే మా సంఘపెద్ద ఒకాయన, ఆయన భార్య, అమెరికాలోని కుమారుని యొద్దకు వెళ్లి, కొడుకు కోడలు మనుమలతో కలిసి విహార నౌకలో వారం రోజులు ప్రయాణం చేసి వచ్చారు. మేము ఓడలోని భోజనం గురించి, అలల గురించి అడిగాము. ఆ తల్లి మాత్రం పిల్లల క్లబ్బుల గురించే చెప్పింది.

ఆ ఓడలలో వేలమంది ప్రయాణికులుంటారు. పిల్లలను వయసును బట్టి విడదీసి, ఒక్కొక్క గుంపుకు వేరే గది, వేరే ఆటలు, వేరే పెద్దలను ఏర్పాటు చేస్తారు. కార్నివల్ అనే కంపెనీ ఓడలలో 2 నుండి 5 ఏళ్లవారు ఒక గుంపు, 6 నుండి 8 ఒకటి, 9 నుండి 11 ఒకటి, 12 నుండి 14 ఒకటి, 15 నుండి 17 ఒకటి. ఎం.ఎస్.సి. అనే మరో కంపెనీ 3 నుండి 6, 7 నుండి 11, ఆ తరువాత 12 నుండి 14, 15 నుండి 17 అని విభజిస్తుంది. మూడేళ్లలోపు పసివారికి వేరే ఏర్పాటు. రాయల్ కరీబియన్ ఓడలలో మూడేళ్లు నిండి, మరుగుదొడ్డి అలవాటైన పిల్లలనే క్లబ్బులో చేర్చుకుంటారు. చిన్నవారిని తల్లిదండ్రులే సంతకం చేసి అప్పగించాలి, సంతకం చేసి తీసుకెళ్లాలి.

ఓడ ప్రయాణం మన పాఠకులలో చాలామందికి దూరపు మాటే. అయినా 2022 జూన్‌లో కార్డేలియా విహార నౌక మన విశాఖపట్నం వచ్చింది, 2023లో అక్కడ ఇటువంటి ఓడల కోసం ప్రత్యేకమైన టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఓడ ఎక్కినా ఎక్కకపోయినా, అక్కడి క్రమంలో మనకు పనికివచ్చే పాఠమున్నది.

గీత ఎక్కడ గీయాలి?

పై రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆరేళ్ల బిడ్డ ఒక ఓడలో తన గుంపులో అందరికంటె పెద్దవాడు, మరో ఓడలో అందరికంటె చిన్నవాడు. అంటే చిన్న వయసులో గీత ఇటో అటో జరగవచ్చును. అయితే 12 దగ్గర, 15 దగ్గర ఇద్దరూ ఒకేచోట గీత గీశారు. ఆ వయసులను తల్లిదండ్రులు కూడా గుర్తుపట్టగలరు. పన్నెండు దాటిన బిడ్డ అద్దం ముందు నిలబడతాడు, గొంతు మారుతుంది, నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే ముడుచుకుపోతాడు. పదిహేను దాటినవాడు ప్రశ్నలు వేస్తాడు, తనకొక పని అప్పగించాలని కోరుకుంటాడు.

చిన్నవారి సంగతి వేరు. అయిదేళ్లలోపు బిడ్డ పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే గొప్ప. వారికి పాట, బొమ్మ, ఒక చిన్న కథ చాలు. ఆరు నుండి ఎనిమిదేళ్లవారు అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్నవారు, అందువలన వాక్యం పలకమీద రాయిస్తే సంతోషిస్తారు. తొమ్మిది నుండి పదకొండేళ్లవారికి కంఠతా పట్టడం, పోటీలు, పటంలో ఊళ్లు వెదకడం ఇష్టం. పాలు త్రాగేవారు, బలమైన ఆహారం తినేవారు వేరని హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం చెప్పే మాట పెద్దల విశ్వాసాన్ని గూర్చినదే అయినా, పిల్లల తరగతి పెట్టేవారు కూడా దానిని జ్ఞాపకముంచుకోవాలి.

తమ్ముడు ఏడిస్తే?

ఆ తల్లి మనుమలలో ఒకడికి ఎనిమిది, ఇంకొకడికి అయిదు. మొదటి రోజు చిన్నవాడు అన్నను విడిచి వెళ్లనని గది వాకిట్లో ఏడ్చాడట. కావాలంటే అన్న తమ్ముని గుంపులోకి రావచ్చును గాని, తమ్ముడు అన్న గుంపులోకి వెళ్లరాదని అక్కడివారు చెప్పారట. పెద్దవాడు ఒక పూట తమ్మునితో కూర్చున్నాడు. మరునాటికి చిన్నవానికి స్నేహితుడు దొరికాడు, అన్న ఊసే లేదు.

ఇది జ్ఞానముగల నియమం. పెద్దవాడు కాసేపు చిన్నవాడితో ఆడితే నష్టం లేదు. చిన్నవాడు పెద్దల ఆటలో నలిగిపోతాడు. ఆదికాండము 33లో యాకోబు ఏశావుతో చేసిన మనవి కూడా ఇటువంటిదే. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, కాబట్టి వాటి నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు. ఇక్కడ జాగ్రత్త ఒకటున్నది. అన్నకు ఎప్పుడూ తమ్ముని కావలి పనే అప్పగించరాదు. మన ఇండ్లలో ఆ భారం ఎక్కువగా ఆడపిల్లల మీద పడుతుంది. తొమ్మిదేళ్ల అక్కకు చెల్లెలిని అప్పగించి మేము చేసిన తప్పు అదే.

పల్లె సంఘాలకు

"అయ్యగారూ, మా ఊళ్లో పన్నెండుమందే పిల్లలు, ఒకటే గది, అయిదు గుంపులు ఎలా?" అని మీరు అడుగుతారు. అయిదు అక్కర లేదు. మీ ఊరే ఒక లెక్క చూపుతున్నది. 1975లో మొదలైన పథకం క్రింద అంగన్‌వాడీలో 3 నుండి 6 ఏళ్లవారుంటారు. ప్రాథమిక పాఠశాలలో 1 నుండి 5 తరగతులు, హైస్కూలులో 6 నుండి 10 తరగతులు. ఈ మూడు గుంపులు చాలును. పాటకు, ప్రార్థనకు అందరూ కలిసి కూర్చోండి. పాఠానికి మాత్రం ఒక చాప గదిలో, ఒకటి వరండాలో, ఒకటి చెట్టు క్రింద వేయండి. హైస్కూలు పిల్లలచేత బొమ్మలు గీయించండి, డోలక్ వాయించమనండి. చిన్నవారికి పాఠం చెప్పడానికి పదిహేను దాటినవారిని పెట్టవచ్చును గాని, పక్కన పెద్దవారు తప్పక ఉండాలి.

ఏ గుంపులోనైనా ఇద్దరు పెద్దలుండాలి. తలుపు తెరిచి ఉండాలి. బిడ్డను ఎవరు తీసుకెళ్తారో తల్లిచేత పుస్తకంలో వ్రాయించాలి. మన ఊళ్లో అందరూ మనవాళ్లే అని మీరనవచ్చును. యోసేపు మరియలు కూడా బంధువులనే గదా నమ్ముకున్నారు! 18 ఏళ్లలోపు ప్రతి బిడ్డకు రక్షణగా 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కి ఫోను చేయవచ్చును. ఈ రెండు సంగతులు సంఘంలో ప్రతి ఉపాధ్యాయునికి తెలిసి ఉండాలి.

మరుసటి వేసవి మేము నాలుగు గుంపులు చేశాము, గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు పెట్టాము. ఆ అయిదేళ్ల పాప మరల వచ్చింది. తల్లి వేలిముద్ర వేసి అప్పగించి, సాయంకాలం వేలిముద్ర వేసి తీసుకెళ్లింది. ఆమె మరల మమ్మును నమ్మడం మాకు దేవుడిచ్చిన క్షమాపణగా తోచింది.

ఆ పదునాలుగేళ్ల కుర్రవాడు మాత్రం మరల రాలేదు. ఇప్పుడు ఉద్యోగస్థుడు. 2018లో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత చైతన్యపురి స్టేషనులో అప్పుడప్పుడు కనబడి, మర్యాదగా నమస్కారం చేసి వెళ్లిపోతాడు. అతడు కోరినది వేరే గది, తనను పెద్దవానిగా చూసే ఒక మనిషి, అంతే. ఈ వేసవిలో మీ సంఘంలో చాపలు పరిచేముందు అటువంటి ఒక్క బిడ్డను తలంచుకొనండి. అతని కోసం ఒక చాప వేరుగా వేయండి.