మీకు తెలుసా? మాంసం వంటకాల్లో ఇలకోడి పొడి!

యూరోపియన్ యూనియన్‌లో 2023 జనవరి నుంచి ఇలకోడి అనే పురుగు పొడిని మాంసం వంటకాల్లోనూ కలపవచ్చు. పెంపకపు ఇలకోళ్లకు ఒకరోజు మేత ఆపి, గడ్డకట్టించి చంపి, కడిగి, ఉడికించి ఆరబెడతారు. కొంత కొవ్వు తీశాక పొడి కొడతారు. ఆ పొడి 100 గ్రాముల్లో దాదాపు 75 గ్రాములు ప్రోటీనే! అయితే అది నత్రజనిని బట్టి కట్టిన లెక్క. పురుగు పెంకులోని కైటిన్‌లోనూ నత్రజని ఉంటుంది కనుక అసలు ప్రోటీన్ కాస్త తక్కువే.

రొయ్యలు, పీతలు పడనివారికి ఇదీ పడకపోవచ్చు. ఆ హెచ్చరిక ప్యాకెట్ మీద ఉండి తీరాలి. ఈ నిబంధన నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది.

పురుగుల రుచి మనకు మాత్రం కొత్తా? తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను వేయించుకు తినే పల్లెలు మనకూ ఉన్నాయి.